నా రక్తంలో సీసం

నిరుడు దసరా ముందు మొదలైంది. పొట్టలో మెలిపెట్టినట్టు నొప్పి. పది నిమిషాలు ఉండి పోయేది, అర్ధరాత్రి మళ్ళీ వచ్చేది. నాలుగు రోజులకోసారి గానీ విరేచనం కాదు. మంచిర్యాలలో వలలు, గాలాలు అమ్మే చిన్న షాపు నాది. కూర్చుని చేసే పని కదా, గ్యాస్ అనుకున్నాను. గోలీలు, జీలకర్ర నీళ్ళు అయ్యాక స్కానింగ్ తీయించాను. అందులో ఏమీ లేదు. ఒక డాక్టరు టెన్షన్ అన్నాడు. సంక్రాంతికల్లా ఏడు కిలోలు తగ్గాను. షట్టరు లేపబోతే కుడి చెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయేది.

వరంగల్‌లో ఉండే మా బామ్మర్ది బలవంతంగా తీసుకెళ్ళి ఒక పెద్ద డాక్టరుకు చూపించాడు. ఆయన పొట్ట నొక్కి చూసి, పెదవి పైకి లేపమన్నారు. చిగుళ్ళ అంచున, పళ్ళకు ఆనుకుని, పెన్సిల్‌తో గీసినట్టు నీలి గీత. రోజూ అద్దం ముందు పళ్ళు తోముకునే నాకు అది ఎన్నడూ కనపడలేదు.

హిమోగ్లోబిన్ 8.4. ఎర్ర కణాల్లో నీలి చుక్కలు. రక్తంలో సీసం డెసిలీటరుకు 78 మైక్రోగ్రాములు. 5కి చేరితేనే అది ఎక్కడి నుంచి వస్తోందో వెతకమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

"గంగ నీళ్ళే సార్" అన్నాను వెంటనే. మా వైపు గోదావరిని గంగ అనే అంటాం. పుట్టినప్పటి నుంచి ఆ చేపలే తింటున్నాను. చుట్టూ బొగ్గు గనులు, పవర్ ప్లాంట్లు. బొగ్గు బూడిదలో సీసం, ఆర్సెనిక్, పాదరసం ఉంటాయని పేపర్లో చదివినవన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. ఆయన కొట్టిపారేయలేదు. నదిలో పడ్డ సీసం చాలావరకు నీళ్ళలో కరిగి ఉండదు, ఒండ్రుకు అంటుకుని అడుగుకు పోతుంది, అక్కడ తిరిగే జీవాల్లోకి చేరుతుంది అని చెప్పారు. "కానీ 78 చేపల కూరతో వచ్చేది కాదు. మీ చేతికి దగ్గరగా ఇంకేదో ఉంది" అన్నారు.

ఉంది. ఇంటి వెనక రేకుల షెడ్డు. విసురు వల అంచుకు కట్టే సీసం గుండ్లు బయట కొంటే గిట్టడం లేదని రెండేళ్ళుగా నేనే పోస్తున్నాను. స్క్రాప్ షాపులో పాత బ్యాటరీలు కొని, పగలగొట్టి, లోపలి ప్లేట్లను ఇనుప గరిటెలో కట్టెల పొయ్యి మీద కరిగించేవాణ్ణి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, దానికి పెద్ద కొలిమి అక్కర్లేదు. పైన తేలిన మురికి చిట్టెం తీసేస్తే కింద అద్దంలా మెరిసేది. ఆ మెరుపు చూస్తుంటే పొగ సంగతి గుర్తుండదు. పని మధ్యలో అవే చేతులతో బీడీ.

నా సంగతి విన్నప్పుడు అంత భయపడలేదు. ఇంట్లో పిల్లలున్నారా అని అడిగినప్పుడు కాళ్ళు వణికాయి. ఆరేళ్ళ బిడ్డ. నేను పోసిన గుండ్లతోనే అచ్చనగాయలు ఆడేది. దానికి 14 వచ్చింది. మందు అవసరం లేదు, ఐరన్, గుడ్లు, పాలు, ఆకుకూరలు పెట్టండి, ఇల్లు పొడిగా ఊడ్వకండి, తడిబట్టతో తుడవండి అన్నారు. నా భార్య పది రోజులు నాతో మాట్లాడలేదు. చీపురు మాత్రం అటక మీదికి పోయింది.

నాకు పంతొమ్మిది రోజుల క్యాప్సూల్స్ కోర్సు. మూత తీస్తే కుళ్ళిన గుడ్డు వాసన. రెండు రోజులకు నా చెమట కూడా అదే వాసన. వారంలో నొప్పి పోయింది. కోర్సు అయ్యాక చూస్తే 31. తీరా పండగ చేసుకున్నాక, మూడు వారాలకు మళ్ళీ 46! ల్యాబ్ వాళ్ళు తప్పు చేశారని గొడవకు దిగబోయాను. అది ఎముకల్లో దాక్కున్న సీసమట, రక్తంలో తగ్గగానే మెల్లగా బయటికి వస్తుందట. రెండో కోర్సు వేసుకున్నాను. మణికట్టు కుదురుకోవడానికి వానలు పడేదాకా పట్టింది. ఇప్పుడు నాకు 19, బిడ్డకు 6.

షెడ్డు పీకేశాం, పైమట్టి తీయించాం. షాపులో ఇప్పుడు ఇనుప గుండ్లు పెట్టాను. అడిగేవాళ్ళు తక్కువ. "ఇనుము తుప్పు పడతది బిడ్డా, వల తొందరగ దిగదు" అంటాడు మా బాపు. ఆయన జమానాలో ఎన్ని వలలు బండల మధ్య చిక్కి తెగిపోయాయో, ఎంత సీసం గంగ అడుగునే ఉండిపోయిందో లెక్క లేదు.

బాపు రక్తం ఇవ్వనంటే ఇవ్వనన్నాడు. డెబ్బై ఏళ్ళు దాటినా పాత వల ముందేసుకుని అరుగు మీద కూర్చుంటాడు. చిన్నప్పటి నుంచి గుండును తాడుకు పట్టించి పంటితో నొక్కడం అలవాటు. పట్కారు కొనిచ్చాను. నేను చూస్తున్నంతసేపూ దాంతోనే నొక్కుతాడు. లోపలికి వెళ్ళి కిటికీలోంచి చూస్తే, పట్కారు పక్కన పడి ఉంటుంది.