ఆరు బల్బుల బోర్డు

మా నాన్నకి బొబ్బిలిలో మోటారు వైండింగు షాపు. పొలం మోటార్లు, మిల్లు మోటార్లు, అప్పుడప్పుడు టెంటు హౌసువాళ్ల జనరేటర్లు వస్తుంటాయి. బీకాం చదివిన నేను అదే షాపులో బిల్లులు రాస్తాను, రాగితీగ తూకం చూస్తాను. తమ్ముడు విజయనగరంలో ఈఈఈ డిప్లమా చేసి 2022లో అగ్నివీర్‌గా నేవీలో చేరాడు. ఇప్పుడు మా పిన్ని కొడుకు కూడా ఫారం పెట్టాడు. "మీరు వాడికి ఏం చేశారే, ఎలా చూసుకున్నారే" అని పిన్ని రోజూ ఫోను. చెప్తే సగం మర్చిపోతుంది, అందుకని రాస్తున్నా.

ముందు భయం సంగతి. 2022 జూన్ 14న ఈ అగ్నివీర్ల స్కీము, అగ్నిపథ్, ప్రకటించారు. మూడో రోజుకల్లా దాని మీద గొడవల్లో సికింద్రాబాద్ స్టేషన్లో రైలు పెట్టెలు తగలబడుతున్నాయి. అమ్మ టీవీ ముందు నుంచి లేవలేదు. నాలుగేళ్ల ఉద్యోగమేటి, తరవాత నూటికి పాతికమందిని మించి ఉంచుకోకపోవడమేటి అని వీధంతా అదే గోల. నాన్న మాత్రం లెక్క చెప్పమన్నాడు. మొదటి ఏడాది నెలకి 30,000. అందులో 9,000 పట్టుకుని 21,000 చేతికిస్తారు. పట్టుకున్నదానికి ప్రభుత్వం అంతే మొత్తం కలిపి, నాలుగేళ్లు నిండాక సుమారు 10.04 లక్షలు ఇస్తుంది. "అంటే, పాడకుండా ఆఖరి నెల దాకా ఉంచుకున్న చీటీ" అన్నాడు నాన్న. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

పరుగు 1.6 కిలోమీటర్లు, ఆరున్నర నిమిషాల్లో. తమ్ముడు పరిగెడుతుంటే నాన్న టీవీఎస్ మీద వెనకాల, ఫోన్లో టైము చూస్తూ. మొదటిరోజు ఎనిమిది దాటింది. పరీక్షలు, మెడికల్ సంగతి ఎవరి కథ వాళ్లకి ఉంటుంది, వదిలేస్తున్నా.

చేరింది చిల్కాలో. ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఐఎన్ఎస్ చిల్కా, పదహారు వారాల ట్రైనింగు. వాడికి ఫోను చేతికొచ్చేది ఆదివారం, అదీ కాసేపే. మా ముగ్గురం స్పీకరు పెట్టుకుని చుట్టూ చేరేవాళ్లం. తిన్నావా, తిన్నాను. నిద్ర పడుతోందా, పడుతోంది. అంతే, ఆ తరవాత మాటలుండేవి కావు. నాలుగు నిమిషాల్లో మూడు మౌనమే. ఒక ఆదివారం అమ్మ ఏం తిన్నావురా అంటే "ఇప్పుడే గ్యాలీలో తిన్నానమ్మా" అన్నాడు. అమ్మకి గాలి అని వినబడింది. "గాలి తిన్నావేట్రా!" అని ఏడుపు లంకించుకుంది. వంటగదిని అక్కడ అలా అంటారమ్మా అని వాడు అక్కడ, నేనిక్కడ ఒకేసారి మొత్తుకున్నాం.

ఆ రోజే షాపులో పాత చిట్టా పుస్తకం ఒకటి తీసి, వెనక పేజీల నుంచి వాడి మాటలు రాయడం మొదలెట్టా. నేల అంటే డెక్కు. గోడ అంటే బల్క్‌హెడ్డు. మరుగుదొడ్డి అంటే హెడ్స్. బయటికెళ్లే అనుమతి లిబర్టీ. వారానికి నాలుగైదు మాటలు. తరవాతి ఆదివారం అమ్మ "ఏరా, లిబర్టీ ఇచ్చారా?" అని అడిగేసరికి వాడు ఎంత నవ్వాడో. వాడు అలా నవ్వడం చిల్కాకి వెళ్లాక అదే మొదలు.

మేం చేసిన తప్పూ చెప్పాలి. జనవరిలో నాయనమ్మ పడిపోయి తుంటి విరిగింది. వాడికి చెప్పొద్దనుకున్నాం, ట్రైనింగులో ఉన్నాడు కదా, మనసు పాడవుతుందని. ఒక ఆదివారం "నాయనమ్మ ఏదీ" అంటే పడుకుందన్నాం. అబద్ధం కాదులే, పడుకునే ఉంది, ఆస్పత్రి మంచం మీద. మా బాబాయి కొడుక్కి వాడు ఫోను చేస్తే ఆ మహానుభావుడు అంతా చెప్పేశాడు. తరవాత రెండు ఆదివారాలు మాకు ఫోను రాలేదు. మూడో ఆదివారం వచ్చింది కానీ నాతోనే మాట్లాడాడు. "అక్కా, మీరు బాగానే ఉన్నారంటే ఇంక నేను నమ్మలేను. ఇక్కడ రాత్రి పడుకున్నాక అదే తిరుగుతోంది." నాకేం చెప్పాలో తెలీలేదు. పిన్నీ, నీకు ముఖ్యంగా ఇదే చెప్పాలనుకున్నా. ఏదైనా సరే ఆ ఆదివారమే చెప్పెయ్యి. దాచినదాని బరువు వాడిమీదే పడుతుంది.

2023 మార్చి 28న పాసింగ్ అవుట్ పరేడ్. విజయనగరంలో రైలెక్కి, పలాస, ఇచ్ఛాపురం, బరంపురం దాటి బలుగావ్‌లో దిగాం. అగ్నివీర్లలో వీళ్లదే మొదటి బ్యాచి, సుమారు 2,600 మంది, అమ్మాయిలతో కలిపి. పరేడ్ పొద్దుగుంకాక, దీపాల వెలుగులో. అందరూ తెల్లబట్టల్లో, ఒకే ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తుంటే అమ్మ వాణ్ని పోల్చుకోలేకపోయింది. పి.టి. ఉష వచ్చిందని ఎవరో అంటే మాత్రం దూరం నుంచే గుర్తుపట్టింది. ఈ మాటతో తమ్ముడు ఇప్పటికీ అమ్మని ఏడిపిస్తుంటాడు.

వాడికి ఎలక్ట్రికల్ వచ్చింది. అంటే జామ్‌నగర్‌లో ఐఎన్ఎస్ వాల్సురా. 1942 నుంచి ఉన్న ట్రైనింగు స్థలం, మొదట్లో టార్పెడోల బడి. తమిళంలో వాల్‌సురా అంటే కత్తిచేపట. సురా అంటే మన సొరే అయ్యుంటుందని నాన్న తేల్చాడు. మనకి రెండు రాత్రుళ్ల ప్రయాణం; పూరీ నుంచి ఓఖా వెళ్లే బండి వారానికి ఒక్కటే. ఆవకాయ, చేగోడీలు కొరియర్లోనే పంపాం.

అక్కణ్నుంచి కీప్యాడ్ ఫోనులో మాట్లాడేవాడు. నోట్సు ఫొటో పెట్టరా, నాన్నకి చూపిస్తా అని నేను ఒక్కసారి అడిగా. ఒక్కసారే. 2019 డిసెంబరులో పాకిస్తాన్‌కి సమాచారం చేరవేశారన్న ఆరోపణ మీద నేవీ కుర్రాళ్లు ఏడుగురిని మన ఆంధ్రా పోలీసు ఇంటెలిజెన్సువాళ్లే పట్టుకున్నారు. ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేర్లతో మొదలైన పరిచయాలు. ఆ నెలాఖరుకి నేవీ తన స్థావరాల్లో, షిప్పుల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్కు ఆపేసింది. కాబట్టి ఫొటో లేదు, పేజీ లేదు. ఏదైనా నోటితో చెప్పాల్సిందే.

నోటితో చెప్పడం మొదలెట్టాకే నాన్న ఫోను దగ్గరికి జరిగాడు. అంతకుముందు నాన్నా వాడూ మాట్లాడుకోవడం నేను చూడలేదు. షాపులో ఉన్నప్పుడు కూడా "స్పానరియ్యి", "ఇదిగో", అంతే.

నాలుగు పోళ్ల మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందిరా అంటే నాన్న నిద్రలో లేపినా 1440 అంటాడు. వాడు ఒకరోజు "చాలా షిప్పుల్లో 60 సైకిల్స్ కరెంటు నాన్నా, మనలా 50 కాదు, అక్కడ నీ 1440 చెల్లదు" అన్నాడు. నాన్న కాసేపు ఆగి, "అలాగైతే పంపు నీళ్లెక్కువ తోడతాది, ఆంపియర్లూ ఎక్కువే లాగతాది. వైండింగు దానికి తగ్గట్టు కట్టారా?" అన్నాడు. ఫోను పెట్టేసరికి ఇరవై రెండు నిమిషాలైంది. నేను టైము చూశాను.

అసలు గొడవ ఎర్తు దగ్గర వచ్చింది. మనకి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరే న్యూట్రల్‌ని భూమిలో పాతేస్తారు. ఫేజు బాడీకి తగిలితే ఫ్యూజు కొట్టెయ్యాలి, మోటారు ఆగాలి. నాన్నకి అదే వేదం. షిప్పులో న్యూట్రల్‌ని ఎర్తు చెయ్యరు, ఒక ఫేజు ఇనప ఒంటికి తగిలినా మోటారు తిరుగుతూనే ఉంటుందని వాడన్నాడు. తగిలినట్టు తెలియడానికి మూడు దీపాలుంటాయి, ఏ ఫేజు తగిలితే ఆ దీపం ఆరిపోతుంది, మిగతా రెండూ వెలుగుతాయి. నాన్న నమ్మలేదు. "నీకు తప్పు సెప్పార్రా" అని ఫోను నా చేతికిచ్చేశాడు. (ఇదేం రహస్యం కాదు, సరుకు ఓడల్లోనూ ఇదే పద్ధతి, పుస్తకాల్లో ఉంటుంది.)

ఆ వారమే టెంటు హౌసువాళ్ల త్రీఫేజ్ జనరేటరు రీవైండింగుకి వచ్చింది. వైండింగయ్యి వార్నిష్ ఆరాక, టెస్టింగు రోజు నాన్న దాని న్యూట్రల్‌ని ఎర్తుకి కలపకుండా వదిలేశాడు. పాత చెక్కబోర్డు మీద ఆరు హోల్డర్లు బిగించాడు. మూడు చాలవా అంటే, "ఒకటి ఆరితే మిగతావాటి మీద 415 పడతాది, 230 బల్బు పేలిపోద్ది" అని ఫేజుకి రెండేసి సిరీస్‌లో పెట్టాడు. అవతలి మూడు కొసలూ కలిపి ఒక ఇనప రేకుకి బోల్టు వేశాడు. రేకే షిప్పు. పక్కన రెండు హెచ్‌పీ మోటారు తగిలించి జనరేటరు స్టార్టు చేశాడు. ఆరు బల్బులూ గుడ్డిగా, నారింజ రంగులో వెలుగుతున్నాయి. నన్ను దూరంగా నిలబడమని, రబ్బరు చెప్పులేసుకుని, ఒక ఫేజు వైరు కొసని కర్రకి కట్టి రేకుకి ఆనించాడు. (పిన్నీ, మీవాడు ఇది ఇంట్లో చెయ్యకుండా చూసుకో.)

ఆ ఫేజు జత చప్పున ఆరింది. మిగతా నాలుగూ భగ్గున వెలిగాయి. మోటారు చప్పుడు మారనైనా మారలేదు.

నాన్న రెండు మూడుసార్లు ఆనించి, తీసి, ఆనించి చూశాడు. జనరేటరు ఆపేసి బీడీ ముట్టించాడు. "తుఫానులో చుక్కాని తిప్పే మోటారు చిన్న లీకుకి ఆగిపోకూడదు కాబోలు" అన్నాడు, నాతో కాదు. ఆదివారం ఫోను మోగగానే తనే ఎత్తాడు. "నువ్వన్నది కరెక్టేరా. మరి రెండో ఫేజు కూడా తగిలితే?" "అప్పుడు షార్టే నాన్నా. అందుకే మొదటిది తగలగానే వెతకాలి, ఒక్కొక్క బ్రేకరూ తీస్తూ దీపం ఎక్కడ మళ్లీ వెలుగుతుందో చూడాలి." ఆ రోజు అమ్మకి ఫోను దొరకలేదు.

ట్రైనింగయ్యి సెలవుకొచ్చాడు. ఏ షిప్పుకి వేశారో రాయను. వచ్చిన సాయంత్రమే షాపుకెళ్లి గోడకి తగిలించిన బోర్డు దించాడు, వెనక్కి తిప్పి చూశాడు. "ఫ్యూజులేవి నాన్నా?" నాన్న నా వైపు చూశాడు, తప్పు నాదన్నట్టు. తరవాత సొరుగు లాగి మూడు కిట్‌కాట్ ఫ్యూజులు, స్క్రూడ్రైవరు తీసి వాడి ముందు పెట్టాడు. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి కూర్చున్నారు. తొమ్మిదయ్యింది, తొమ్మిదిన్నరయ్యింది. అమ్మ ఫోను చేసింది, గ్యాలీ మూసేస్తున్నానని చెప్పమంది.