ఉత్తర ధ్రువాన అకాల వాన

తిరుపతి నుంచి గాదంకికి బస్సెక్కింది రాడార్ చూద్దామని. ఫిబ్రవరి కదా, చంద్రగిరి దాటాక తోతాపురి తోటలన్నీ పూత మీదున్నాయి. పాకాల దగ్గర పాడి చేసుకునే మా మేనమామ కిటికీలోంచి చూస్తూ, ‘ఇప్పుడు వాన పడకుంటే చాలు’ అన్నాడు.

గాదంకి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1024 యాంటెనాలు చెరకు తోటలా బారులు తీరి ఉన్నాయి. తలమీద గాలి ఏ ఎత్తులో ఎటు, ఎంత జోరుగా పోతోందో వాటితో కనిపెడతారు. మాకు అవన్నీ చూపించిన కుర్రాడు హిమాద్రిలో పనిచేసి వచ్చాడట. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, ధ్రువానికి 1,200 కిలోమీటర్ల దూరంలో 2008లో మన దేశం తెరిచిన కేంద్రమది. ఇక రాడార్ సంగతి మరిచిపోయాం.

1979 నుంచి లెక్కేస్తే ఉత్తర ధ్రువం చుట్టూ ఉన్న ఆర్కిటిక్ ప్రాంతం భూమి మొత్తం సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. తెల్లటి మంచు ఎండను తిప్పికొడుతుంది. అది కరిగితే బయటపడే నల్లటి సముద్రం ఆ వేడినంతా తాగేస్తుంది, దాంతో ఇంకా కరుగుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. మంచు కురవాల్సిన చలికాలంలో అక్కడ వాన పడుతోంది.

‘ఆ వాన నీళ్లు మంచు మీద గడ్డకట్టి పలకలాగా అయిపోతాయి పెదనాయనా. అక్కడి మంచు దుప్పులు, రెయిన్‌డీర్లు, గిట్టలతో తవ్వినా పగలదు.’

‘కింద మేత లేదా నాయనా?’

‘ఉంది. మూతి అందదు.’

రష్యాలోని యమాల్‌లో 2013 నవంబరులో అలాంటి వానే పడి, ఆ చలికాలంలో 61,000 రెయిన్‌డీర్లు ఆకలికి చచ్చాయి. మంచు కరుగుతోందని ఎన్నిసార్లు విన్నా నాకింత బాధ కలగలేదు. మేత కాళ్ల కిందే ఉండగా పశువు ఆకలికి చావడం! మామ ముఖం చూడలేకపోయాను.

2021 ఆగస్టులో గ్రీన్‌లాండ్ మంచు శిఖరం మీద, 3,200 మీటర్ల ఎత్తున, రికార్డుల్లో మొదటిసారి వాన పడిందని కూడా చెప్పాడు. అదే ఏడాది నవంబరులో స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట భయానికి ఊళ్లు ఖాళీ చేయించారు. రెండింటికీ సంబంధముందా అని అడిగాను. ఒక్క వానను పట్టుకుని అలా ముడిపెట్టకూడదన్నాడు. ఆ జాగ్రత్త నాకు నచ్చింది.

నార్వే, స్వీడన్ వైపు రెయిన్‌డీర్లను మేపే సామి తెగ కాపరులు ఇప్పుడు చలికాలంలో మేత కొని మోసుకెళ్లాల్సి వస్తోందట. కరువేళల్లో వరిగడ్డికి లారీ మాట్లాడుకున్న మామకు ఆ ఖర్చెంతో తెలుసు. స్వాల్‌బార్డ్‌వి అడవి జంతువులు, వాటికి కాపరులు లేరు. పాకాల బస్సులో మామ వాటి గురించే అడుగుతూ వచ్చాడు.