చామంతులు సమాధి పూలట

"పాడే మనిషికి సమాధి పూలు ఇస్తారా?" హోటల్ వంటగదిలో మాతో పనిచేసే పెద్దావిడ మందలింపు ఇది. ఆగస్టులో పోలండ్‌లోని క్రినిత్సలో యాన్ కియెపురా పేరిట జరిగే ఆపరెట్టా ఉత్సవంలో గాయనికి ఇద్దామని నేను కొన్నవి పది పెద్ద పసుపు చామంతులు. పువ్వూ తప్పే, లెక్కా తప్పే.

కియెపురా 1902లో సోస్నోవియెత్స్‌లో రొట్టెలు కాల్చే ఇంట పుట్టి, టెనర్‌గా, అంటే హెచ్చు స్థాయిలో పాడే మగ గాయకుడిగా, లోకమంతా తిరిగాడు. టికెట్టు కొనలేని జనం కోసం బాల్కనీల్లోంచి, కారు మీదికెక్కి కూడా పాడేవాడు. 1930ల్లో ఈ ఊళ్లో ‘పాత్రియా’ హోటల్ కట్టించాడు. 1966లో అమెరికాలో చనిపోతే, మరుసటి ఏడే ఉత్సవం మొదలుపెట్టారు. ఆపరెట్టా అంటే మాటలూ పాటలూ కలిసిన నాటకం. పద్యనాటకాలు చూసినవాళ్లకి కొత్తేం కాదు. మన ‘వన్స్‌మోర్’కి ఇక్కడి మాట ‘బిస్’.

పూల లెక్క బేసి ఉండాలి: మూడు, ఐదు, ఏడు. సరి సంఖ్య పోయినవాళ్లకి. తాంబూలంలో ఒంటిపండు పెట్టని చేతికి ఇది ఎదురు లెక్క. ఆగస్టులో గులాబీలు, గ్లాడియోలాలు బాగుంటాయి. కాడ ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేసి, రెండు గంటలైనా నీళ్లలో నిలబెట్టాలి. లేకపోతే వేడి హాల్లో గులాబీ మెడ వాలుస్తుంది. పాటల మధ్య ఇవ్వకూడదు. ఆఖరి పాట అయ్యి, నమస్కరించడానికి వచ్చినప్పుడే ఇవ్వాలి. హాలు మనుషులకి ముందే చెబితే దారి చూపిస్తారు. మన దండ వద్దు. తడి దండ పట్టుబట్టలకి మరక చేస్తుంది, చెంప దగ్గర మైకు ఉంటే దాన్ని లాగేస్తుంది.

లెక్క సరే, చామంతి మాటే మింగుడుపడదు. పొద్దు కురచైతేనే మొగ్గ తొడిగే మొక్క అది. కాస్త మంచుకీ తట్టుకుంటుంది. నవంబరు 1న పోలండ్ వాళ్లు సమాధులు అలంకరించే రోజుకి నిండుగా పూసేది అదే కాబట్టి, ఆ పని దానికే పడింది. వేసవిలో అంగళ్లలో దొరికేవి నల్ల పరదా కప్పి, పొద్దు కురచ చేసి పూయించినవి. కడియం పూల మార్కెట్లో అదే చామంతి బుట్టలకొద్దీ పెళ్లికి పోతుంది, పాడె మీదికీ పోతుంది. ఒకచోటికి వెళ్లిందని రెండోచోటికి రావద్దనం. ఆ తీరే నాకు సబబనిపిస్తుంది. అయినా పాడేది వాళ్ల గాయని, నొచ్చుకునేది వాళ్ల మనసు. ఏడు గులాబీలే పట్టుకెళ్లండి.

చామంతి కావాలంటే అక్టోబరు చివర శ్మశానాల ముందు బారులు తీరిన కుండీలు చూడండి. కార్తీక పూజలకి సరిగ్గా అందుతాయి. సగం మొగ్గలున్న కుండీ కొని చల్లటి కిటికీ దగ్గర పెడితే మూడు వారాలు పూస్తుంది.