విశ్వవిద్యాలయం రంగులను కోడ్‌లోకి ఎక్కించిన మూడు వారాలు: నా అనుభవం

ఈ ఉదయం నా రంగుల కోడ్ చివరి పరీక్ష కూడా గట్టెక్కింది. మా విశ్వవిద్యాలయ నివేదికల్లోని గ్రాఫులన్నీ ఇకపై సంస్థ అధికారిక రంగుల్లోనే ఉండాలని ఆదేశం వచ్చింది. ఆ రంగులను ఆర్ అనే, గణాంకాలకూ గ్రాఫులకూ వాడే ప్రోగ్రామింగ్ భాషలో ప్యాకేజీగా, అంటే అందరూ వాడుకోగల కోడ్ కట్టగా, రాసే పని నాకు అప్పగించారు. రెండు రోజుల పని అన్నారు. మూడు వారాలు పట్టింది. ఎక్కడ ఎందుకు ఆలస్యమైందో మరిచిపోకముందే రాస్తున్నాను.

మొదటి చిక్కు రంగుల సంఖ్యలు సంపాదించడం. ప్రచార విభాగం బ్రాండ్ పుస్తకం పంపింది. లోగో చుట్టూ ఎంత ఖాళీ వదలాలో అందులో నాలుగు పేజీలు ఉంది. తెర మీద రంగుకు కావలసిన ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ల) సంఖ్యలు మాత్రం ఒక్క చోటా లేవు. ఉన్నవన్నీ ప్యాంటోన్ సంఖ్యలు, సీఎంవైకే శాతాలు. అవి ముద్రణ సిరాల లెక్కలు. సిరా, కాగితం, ప్రొఫైల్ (సంఖ్యలను రంగులకు ముడిపెట్టే పట్టిక) మారితే అవే శాతాలు తెర మీద మరో రంగుగా తేలుతాయి. అడిగితే, లోగో బొమ్మ మీద ఐడ్రాపర్ (పిక్సెల్ రంగు చదివే పనిముట్టు) పెట్టి తీసుకోండి అన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. జేపెగ్ బొమ్మలో అంచుల దగ్గర పక్కపక్క పిక్సెళ్లకే వేర్వేరు సంఖ్యలు వస్తాయి. సంతకంతో కూడిన సంఖ్యలు కావాలని పట్టుబట్టండి. నాకు నాలుగు ఈమెయిళ్లు పట్టింది. చివరికి మూడు రంగులు చేతికొచ్చాయి (# తర్వాత ఉన్నవీ ఆర్‌జీబీ సంఖ్యలే, హెక్స్ రూపంలో): మెరూన్ #800000, ముదురు ఆకుపచ్చ #005000, బంగారు రంగు (ఎరుపు 255, ఆకుపచ్చ 192, నీలం 0).

కోడ్ రాయడం ఒక్క మధ్యాహ్నం పని. రంగుల పేర్లతో ఒక వెక్టర్ (విలువల వరస), దాని నుంచి రంగులు తీసే ఒక ఫంక్షన్, ఆర్‌లో గ్రాఫులు గీసే జీజీప్లాట్2 కోసం రెండు స్కేళ్లు (ఏ వర్గానికి ఏ రంగో చెప్పే భాగాలు). నడిపి చూస్తే పట్టీలన్నీ బూడిద రంగులో వచ్చాయి. కారణం ఇది: రంగులు మనమే ఇచ్చే మాన్యువల్ స్కేలుకు పేర్లున్న వెక్టర్ ఇస్తే, ఆ పేర్లను డేటాలోని వర్గాల పేర్లతో పోల్చుతుంది. నా డేటాలో ‘మెరూన్’ అనే విభాగం ఏదీ లేదు కదా. అన్‌నేమ్ ఫంక్షన్‌తో పేర్లు తీసేస్తే రంగులు వచ్చేశాయి.

అసలు దెబ్బ సమీక్షా సమావేశంలో తగిలింది.

పరిశోధన నిధుల గ్రాఫు తెర మీద పెట్టాను. మూడు విభాగాలు, మూడు గీతలు, మూడు అధికారిక రంగులు. రెండు నిమిషాలు మాట్లాడానో లేదో, ముందు వరసలోని ఒక పెద్దాయన, అందరూ గౌరవించే ఆచార్యులు, చేయి ఎత్తారు. “ఇందులో మా విభాగం గీత ఏది?” అన్నారు. “ఆకుపచ్చదండీ” అన్నాను. ఆయన నెమ్మదిగా, “నాకు ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయి. రెండు నల్లటి గీతలు ఉన్నాయి. పైదా, కిందిదా?” అన్నారు. గది నిశ్శబ్దమైంది. గీతలు మధ్యలో ఒకదాన్నొకటి రెండుసార్లు దాటుతున్నాయి. పైదీ కాదు, కిందిదీ కాదు. నేను వేలితో తెర మీద గీత వెంట నడుస్తూ చూపించాల్సి వచ్చింది. అంతలో పక్కన కూర్చున్నవారు నలుపు-తెలుపు ప్రింటు పైకెత్తి, “మాకు కళ్లు బాగానే ఉన్నాయి, అయినా ఇందులో తేడా తెలియడం లేదు” అన్నారు. బంగారు రంగు గీత చివరి వరసలో ఎవరికీ కనిపించనే లేదు. ప్రచార విభాగం నుంచి వచ్చిన వ్యక్తి, “రంగులు సరిగ్గా మేమిచ్చినవే కదా” అని తృప్తిగా తల ఊపారు. అధ్యక్షత వహించిన వారు, “చదవగలిగే గ్రాఫుతో మళ్లీ రండి” అన్నారు. నేను ల్యాప్‌టాప్ మూసి బయటికి వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కోపం చల్లారాక లెక్క వేశాను. కంటికి తెలిసే తేడాల ప్రకారం రంగులను కొలిచే లాబ్ కొలతలో కాంతి 0 (నలుపు) నుంచి 100 (తెలుపు) వరకు ఉంటుంది. మా మెరూన్ కాంతి సుమారు 25, ఆకుపచ్చది 29. రెంటి మధ్య కాంట్రాస్ట్ నిష్పత్తి (వెలుగులో తేడా; 1 అంటే తేడాయే లేదు) 1.12. అంటే రంగు ఛాయ తీసేస్తే మిగిలేది ఒకే చీకటి. బంగారు రంగుకు తెల్ల నేపథ్యంతో నిష్పత్తి 1.64 మాత్రమే. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణం గ్రాఫుల్లోని ముఖ్యమైన ఆకారాలకు కనీసం 3 అడుగుతుంది. ఉత్తర ఐరోపా సంతతి పురుషుల్లోనైతే సుమారు 8 శాతం మందికి ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగా తెలియదు. చదివేవారి కంటిని తప్పుపట్టే హక్కు గ్రాఫు గీసేవారికి లేదు. ఈ మాట బ్రాండ్ పుస్తకాలు రాసేవారు మొదటి పేజీలోనే వేసుకోవాలి. లోగోకు ఒకే పని: గుర్తుపట్టించడం. గ్రాఫులోని రంగుకు రెండో పని కూడా ఉంది: పక్కదాని నుంచి విడిపోవడం.

ఇంకో లెక్క నా కళ్లు తెరిపించింది. మెరూన్‌కూ తెలుపుకూ మధ్య నిష్పత్తి దాదాపు 11. ఒక్కో మెట్టుకు 3 చొప్పున కావాలంటే, మూడు మూళ్లు తొమ్మిది, ఆ రెంటి మధ్య పట్టేది ఒకే ఒక్క రంగు. ఎంత తిప్పినా మూడోది పట్టదు. కాబట్టి ఆకుపచ్చను కాంతి 58 వరకు లేత చేశాను. తెలుపుతో 3.4, మెరూన్‌తో 3.2 వచ్చాయి. మూడో గీతకు రంగు వెతకడం మానేసి మెరూన్‌నే తీసుకుని ముక్కల గీతగా మార్చాను. బంగారు రంగును గీతలకు పూర్తిగా నిషేధించి, నల్లటి అంచు ఉన్న పట్టీలకే ఉంచాను. వర్గాల పేర్లు పక్కన పెట్టెలో కాకుండా గీత చివరనే రాశాను. పటాలకు కావలసిన వరస రంగులను (ఒకే రంగులో మెట్లుమెట్లుగా మారే ఛాయలను) మెరూన్ నుంచి లేత వైపు ఆర్‌లోని కలర్‌ర్యాంప్‌ప్యాలెట్ ఫంక్షన్‌తో తీశాను. అందులో స్పేస్ (మధ్య ఛాయలను ఏ కొలతలో లెక్కించాలో చెప్పే) విలువను లాబ్ అని ఇవ్వడం మరవకండి. ఆర్‌జీబీలో వదిలేస్తే మెట్ల మధ్య కాంతి దూరాలు సమంగా రావు.

నేను గర్వంగా చెప్పుకొనేది మాత్రం ప్యాకేజీలో చేర్చిన పరీక్ష. ఎవరు కొత్త రంగు చేర్చినా, దాన్ని మిగతా గీత రంగులన్నిటితోనూ తెలుపుతోనూ జత కట్టి నిష్పత్తి లెక్కిస్తుంది. 3 కంటే తగ్గితే ప్యాకేజీ తయారే కాదు. లేత నీలం కూడా చేర్చమని పోయిన వారం ప్రచార విభాగం అడిగింది. పరీక్ష ఇచ్చిన సంఖ్యనే జవాబుగా పంపాను.

నిన్న ఆ ఆచార్యులకు కొత్త గ్రాఫును, గీతల చివర పేర్లు కావాలనే తీసేసి, రంగుల్లో ఒకటీ నలుపు-తెలుపులో ఒకటీ పంపాను. మూడు గీతలనూ రెండింటిలోనూ సరిగ్గా గుర్తించి రాశారు. ముక్కల గీతలో ఖాళీలు ప్రింటులో మరీ చిన్నగా ఉన్నాయని కూడా రాశారు. ఈ ఉదయం వాటిని పెంచి మళ్లీ పంపాను.