గెలుస్తున్నప్పుడు ఆట ఎందుకు ఆపాలి?

ఫుటీలో, అంటే ఆస్ట్రేలియా వాళ్ళు ఆడే ఫుట్‌బాల్‌లో, నాకు ఒళ్ళు మండేది ఒక్క విషయానికే. చివరి క్వార్టర్‌లో కాస్త ఆధిక్యంలో ఉన్న జట్టు బంతిని ముందుకు తన్నడం మానేస్తుంది. తమ గోల్ వైపునే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చిన్న చిన్న కిక్‌లతో తిప్పుకుంటూ టైమ్ గడిపేస్తుంది. దీన్ని ఇక్కడ టెంపో ఫుట్‌బాల్ అంటారు. పెద్దవాళ్ళ ఆటలో అయితే టీవీ ముందు కాసేపు విసుక్కుని ఊరుకుంటాను. పదమూడేళ్ళ ఆడపిల్లల ఆటలో దాన్ని చూసినప్పటి నుంచి మాత్రం ఊరుకోలేకపోతున్నాను.

ఈ ఆట చూడని వాళ్ళకు కొంచెం చెప్పాలి. క్రికెట్ మైదానమంత స్థలం, జట్టుకు 18 మంది, ఒక్కో చివర నాలుగు స్తంభాలు. మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి తంతే గోల్, ఆరు పాయింట్లు. పక్క సందులోంచి పోతే బిహైండ్, ఒక పాయింట్. ఆఫ్‌సైడ్ లేదు. కనీసం 15 మీటర్లు వచ్చిన కిక్‌ను నేల తాకకుండా పట్టుకుంటే అది మార్క్. మార్క్ పట్టిన మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు. ఆమె వెనక్కి నాలుగడుగులు వేసి, ఊపిరి పీల్చుకుని, ఎవరికి ఇవ్వాలో చూసుకుని తన్నవచ్చు. టెంపో ఆట బతికేదే ఈ వెసులుబాటు మీద. ఒక్కో మార్క్‌కు కొన్ని సెకన్లు, అలాంటివి వరసగా పదో పన్నెండో పట్టారంటే ఆట చివర్లో అది చాలా పెద్ద టైమ్. బాస్కెట్‌బాల్‌లో అయితే 24 సెకన్ల గడియారం ఉంది, ఆ లోపు షాట్ కొట్టాల్సిందే. ప్రో కబడ్డీలో రెండు రైడ్‌లు వరసగా ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే రైడర్ ఔట్. ఫుటీలో బంతి ఎంతసేపు మీ దగ్గర ఉంచుకున్నా అడిగేవాడు లేడు.

మేముండేది మెల్‌బోర్న్ పడమర, టార్నీట్‌లో. మా వీధిలో సాయంత్రం నడకకు వెళ్తే ఇంగ్లీషు కన్నా తెలుగే ఎక్కువ వినిపిస్తుంది. ఈ ఆట మా ఇంట్లోకి తెచ్చింది మా అమ్మాయి. చిన్నప్పుడు ఆస్‌కిక్‌లో, అంటే చిన్నపిల్లలకు ఫుటీ నేర్పే చోట, చేర్పించాం. అక్కడ స్కోరు ఉండదు, గెలుపోటములు ఉండవు. బంతి వెంట గుంపుగా పరిగెత్తడమే. తర్వాత అది క్లబ్బులో చేరింది. క్లబ్బంటే తల్లిదండ్రులే నడపాలి. ఒకరు తెల్ల కోటు వేసుకుని గోల్ అంపైర్, ఒకరు నీళ్ళ సీసాలు మోసేవాళ్ళు, ఇంకొకరు హాఫ్ టైమ్‌కు నారింజ ముక్కలు కోసేవాళ్ళు. నాకు టైమ్‌కీపర్ పని వచ్చింది. రెండు జట్ల నుంచీ ఒక్కొక్కరం, ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. గడియారం చూడాలి, సైరెన్ నొక్కాలి.

ఆ బల్ల దగ్గర కూర్చుంటే టెంపో ఆట ఎలా ఉంటుందో బాగా తెలుస్తుంది. ఈ మధ్య ఒక ఆదివారం మా వాళ్ళు తొమ్మిది పాయింట్ల ముందున్నారు, చివరి క్వార్టర్ సగం మిగిలింది. కోచ్ రన్నర్‌తో కబురు పంపాడు, నెమ్మదించమని. అంతే, హాఫ్ బ్యాక్‌లో, అంటే వెనక రక్షణ వరసలో ఉన్న మా అమ్మాయి, ఇంకో ముగ్గురు పిల్లలు బంతిని తమలో తామే తిప్పడం మొదలుపెట్టారు. మా లీగ్ పిల్లల మ్యాచ్‌లలో గడియారం ఆగదు. నా పక్కన కూర్చున్న అవతలి జట్టు తల్లి ఒకసారి గడియారం వైపు, ఒకసారి మైదానం వైపు చూస్తోంది. అవతలి పిల్లలు మొదట పరిగెత్తారు, తర్వాత నడిచారు, తర్వాత నిలబడిపోయారు. అన్నిటికన్నా నా మనసుకు పట్టింది మా జట్టు ఫుల్ ఫార్వర్డ్‌లో, అంటే అవతలి చివర గోల్ ముందు ఉన్న పిల్ల. ఆ ఏడే కొత్తగా చేరింది. క్వార్టర్ మొత్తం చలిలో చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడింది. బంతి ఒక్కసారి కూడా ఆమె వైపు రాలేదు. సైరెన్ నొక్కాను, గెలిచాం, పిల్లలంతా చుట్టూ చేరి క్లబ్బు పాట పాడారు. ఆ పిల్ల కూడా పాడింది.

కారెక్కాక మా అమ్మాయితో అన్నాను, ఇదేం ఆటే అని. "అమ్మా, నువ్వు బంతినే చూస్తున్నావు. బంతి లేనివాళ్ళని చూడు" అంది. ఇంటికొచ్చాక కాగితం మీద గీసి చూపించింది. బంతి కుడి పక్కన ఉంటే ఎడమ పక్కన ఉన్నవాళ్ళు ముందే పరిగెత్తి ఖాళీ చేసుకోవాలి. అవతలి జట్టు జోన్ కట్టి నిలబడితే దాన్ని ఆ పక్కకూ ఈ పక్కకూ లాగాలి. ఓపిక పట్టలేక వాళ్ళలో ఒకరు ముందుకొచ్చారంటే వెనక దారి తెరుచుకుంటుంది. ఒక్క కిక్ 12 మీటర్లకే పడితే అంపైర్ 'ప్లే ఆన్' అంటాడు, అంటే మార్క్ లేదు, ఆట సాగాల్సిందే, అవతలివాళ్ళు మీద పడిపోతారు. కాబట్టి ప్రతి కిక్కూ కొలిచి కొట్టాలి. తను చెప్పింది నిజమే. ఆ తర్వాతి మ్యాచ్‌లలో నేను గడియారంతో పాటు బంతి లేనివాళ్ళనూ చూశాను. అక్కడ చాలా పని జరుగుతోంది. ఆ పని చూశాక కూడా నా అభిప్రాయం మారలేదు.

మా అమ్మాయి దగ్గర చరిత్ర కూడా ఉంది. 2005లో సిడ్నీ స్వాన్స్ జట్టు ఆటను, ఫుటీలో అన్నిటికన్నా పెద్ద లీగ్ ఏఎఫ్ఎల్ అప్పటి అధినేత ఆండ్రూ డెమెట్రియో స్వయంగా బయట విమర్శించాడు, చూడ్డానికి బాగాలేదని. అదే ఏడాది సిడ్నీ గ్రాండ్ ఫైనల్‌లో వెస్ట్ కోస్ట్‌ను 58-54తో ఓడించింది. సౌత్ మెల్‌బోర్న్‌గా 1933లో గెలిచాక, 72 ఏళ్ళకు మళ్ళీ కప్పు. "చూడ్డానికి బాగుండి ఓడిపోతే ఆ 72 ఏళ్ళు ఎదురుచూసినవాళ్ళకు ఏం చెప్తావు?" అంటుంది. మా పడమటి వైపు జట్టు బుల్‌డాగ్స్ కథా చెప్తుంది. 2000లో ఎసెండన్ ఏడాదంతా ఒకే ఒక్క మ్యాచ్ ఓడింది, అది బుల్‌డాగ్స్ చేతిలో. అందరినీ వెనక్కి పంపి రక్షణలో కిక్కిరిసేలా చేసి గెలిచారు. ఇక్కడి పాతకాపులు ఇప్పటికీ ఆ మ్యాచ్ గురించి కళ్ళు మెరిసిపోతూ చెప్తారు.

లీగ్ కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 2008 గ్రాండ్ ఫైనల్‌లో హాథార్న్ వాళ్ళు ఒత్తిడి వచ్చినప్పుడల్లా బంతిని తమ గోల్ గీత వెనక్కే పంపేశారు. అవతలివాళ్ళకు ఒక పాయింట్ దక్కుతుంది, బంతి మాత్రం తమకే వస్తుంది. ఆ ఒక్క మ్యాచ్‌లో 11 సార్లు. మరుసటి ఏడే దానికి శిక్షగా ఫ్రీ కిక్ పెట్టారు. 2021లో స్టాండ్ రూల్ తెచ్చారు. మార్క్ పట్టిన ఆటగాడికి ఎదురుగా నిలబడ్డ ప్రత్యర్థి అంపైర్ 'స్టాండ్' అన్నాక పక్కకు కదలకూడదు, కదిలితే 50 మీటర్లు ముందుకు ఇచ్చేస్తారు. కిక్ కొట్టేవాడికి మైదానం మధ్యలోకి దారి దొరకాలన్నది దాని ఉద్దేశం. ఆ దారి దొరికాక కూడా ఆధిక్యంలో ఉన్నవాళ్ళు దాన్ని వద్దనుకుంటే ఏ రూలు ఏం చేస్తుంది?

మా ఇంట్లో ఈ వాదన ఎప్పుడూ విహారి దగ్గరికే చేరుతుంది. 2021 జనవరి 11, సిడ్నీ టెస్ట్ ఆఖరి రోజు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి తొడ కండరం దెబ్బతిని పరుగు తీయలేక క్రీజులో నిలబడిపోయాడు. 161 బంతులు ఆడి 23 పరుగులు. అవతల నడుం నొప్పితో అశ్విన్, 128 బంతుల్లో 39. నలభై ఓవర్లకు పైగా ఇద్దరూ కదలకుండా ఆడి టెస్ట్ డ్రా చేశారు. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో ఎవరమూ సోఫాలోంచి లేవలేదు. తణుకు నుంచి మా నాన్న ఓవర్ ఓవర్‌కూ ఫోన్ చేస్తున్నారు. "అప్పుడు ఒక్కో బంతి ఆపితే నువ్వు చప్పట్లు కొట్టావు. మేము ఆపితే తప్పా?" అని అమ్మాయి అడుగుతుంది. వాళ్ళ తాతయ్య దాని పక్షమే. గెలవడం ఎంతో నిలబడడమూ అంతేనమ్మా అంటారు ఫోన్లో.

నా జవాబు ఒకటే. విహారికి వేరే దారి లేదు. కాలు కదలదు, వెనకాల బ్యాట్ పట్టగలిగినవాళ్ళు లేరు, ఓడితే సిరీస్ చేజారే ప్రమాదం. అదే జట్టు ఎనిమిది రోజులకు బ్రిస్బేన్‌లో ఏం చేసింది? 1988 తర్వాత ఆస్ట్రేలియా ఒక్క టెస్ట్ కూడా ఓడని గాబాలో, ఆఖరి రోజు 328 లక్ష్యం. డ్రా చేసుకున్నా బోర్డర్-గవాస్కర్ ట్రోఫీ మన దగ్గరే ఉంటుంది. అయినా పంత్ కొడుతూనే పోయాడు, 89 నాటౌట్, మూడు వికెట్లతో గెలిచాం. చేతకానప్పుడు ఆగడం వేరు, చేతనయ్యీ ఆగడం వేరు. తొమ్మిది పాయింట్ల ముందున్న పిల్లలకు కాళ్ళున్నాయి, ఊపిరి ఉంది, ముందు ఎదురుచూస్తున్న పిల్ల ఉంది.

ఇంత పట్టుదల నాకెందుకో కూడా చెప్పాలి. మా అమ్మాయిది ఎనిమిదో తరగతి. విక్టోరియాలో సెలెక్టివ్ ప్రభుత్వ స్కూళ్ళకు పరీక్ష రాసేది ఈ తరగతిలోనే, జూన్‌లో, సరిగ్గా ఫుటీ సీజన్ మధ్యలో. మాకు దగ్గర వెరిబీలో సుజాన్ కోరీ హైస్కూల్ ఉంది. మా వైపు తెలుగిళ్ళలో శనివారం మొత్తం కోచింగే. గుడిలో కనపడ్డా, పుట్టినరోజు పార్టీలో కనపడ్డా అదే మాట: "ఈ ఒక్క ఏడూ ఫుట్‌బాల్ ఆపొచ్చుగా." ప్రేమతోనే అంటారు, టెన్షన్‌తో అంటారు. పరాయి దేశంలో కష్టపడి సంపాదించుకున్న చోటు పిల్లల చేతిలో జారిపోకూడదని అంటారు. నేను కూడా దాన్ని కోచింగ్‌కు పంపిస్తున్నాను. ఇల్లు, బడి, కోచింగ్, చుట్టుపక్కల వాళ్ళు, అన్నీ ఆ పిల్లకు చెప్పేది ఉన్నది కాపాడుకో అనే. ఆదివారం ఉదయం ఒక్క గంటన్నర, బురదలో, ఉన్నది పోయినా పర్వాలేదు ముందుకు తన్ను అని చెప్పే చోటు దానికి కావాలి. తప్పు కిక్ కొడితే అవతలివాళ్ళు గోల్ వేస్తారు. దాని వల్ల ఏ సీటూ పోదు, ఏ అప్పూ పెరగదు. నష్టం అంత చిన్నదైన చోట కూడా ధైర్యం చేయడం నేర్పకపోతే ఇంకెక్కడ నేర్పుతాం?

ఒక ప్రాక్టీస్ అయ్యాక కోచ్‌తో మాట్లాడాను. ఆయనా ఒక తండ్రే, జీతం లేకుండా చేస్తున్నాడు, ఓపిగ్గా విన్నాడు. కిందటి ఏడు చివరి నిమిషాల్లో వరసగా ఓడిపోయి కొందరు పిల్లలు మానేశారని, జట్టు నిలవాలంటే గెలవడం తెలియాలని అన్నాడు. ఆ మాట కొట్టిపారేసేది కాదు. మానేసిన పిల్లల ఖాళీలు ఎలా ఉంటాయో క్లబ్బులో అందరికీ తెలుసు. అయితే చలిలో నిలబడ్డ పిల్ల కూడా అలాగే మానేస్తుంది కదా అన్నాను. కాసేపు ఆలోచించి, చివరి క్వార్టర్‌లో ఫార్వర్డ్‌లను మిడ్‌ఫీల్డ్‌కు మారుస్తానన్నాడు. మారుస్తున్నాడు. బంతి తిప్పడం మాత్రం మానలేదు.

అందుకని జూనియర్ లీగ్‌కు ఒక ఉత్తరం రాశాను. పిల్లల మ్యాచ్‌లలో వెనక్కి కొట్టిన కిక్‌ను పట్టుకుంటే మార్క్ ఇవ్వొద్దని, వెంటనే ప్లే ఆన్ అనాలని అడిగాను. అప్పుడు వెనక్కి తిప్పే బంతికి భద్రత ఉండదు, ముందుకు చూడక తప్పదు. పంపేముందు అమ్మాయికి చూపించాను. రెండు పేరాలు కొట్టేసింది, అవి కోపంలో రాసినవంది. ఒక చోట రూలు తప్పుగా రాస్తే దిద్దింది. వెనక్కి కిక్ లేకపోతే పొట్టి పిల్లలు పొడుగు పిల్లల మీదికి బంతి తన్ని పోగొట్టుకోవాల్సి వస్తుందని, ఇందులో తమ జట్టు హాఫ్ బ్యాక్‌లలో ఎవరికీ సమ్మతి లేదని కూడా కలపమంది. అదీ కలిపి పంపాను.