36 మిల్లీబార్ల దగ్గర మొండికేసిన వాక్యూమ్

నా వాక్యూమ్ ఛాంబర్‌లో (పంపుతో గాలి లాగేసే గట్టి డబ్బా) పీడనాన్ని 36 మిల్లీబార్ల కిందికి దిగనివ్వని దొంగ దొరికాడు! లీకు కాదు, పంపు కాదు, గాస్కెట్ అసలే కాదు. నీళ్లు.

పాత వాల్వ్ రేడియోల నాబ్‌లకు ఆర్‌టీవీ (గది వేడిలోనే గట్టిపడే) సిలికాన్ అచ్చులు తీస్తున్నాను. ఇప్పుడు చేతిలో ఉన్నది ముదురు గోధుమరంగు బేకలైట్ నాబ్, పావు అంగుళం షాఫ్ట్‌ది. చుట్టూ సన్నటి గీతలు. ఆ గీతల్లో ఒక్క బుడగ చిక్కినా పోత మీద బొడిపె తేలుతుంది. కప్పులో కలిపిన సిలికాన్‌కి డీగ్యాసింగ్ (వాక్యూమ్‌లో పెట్టి బుడగలు లాగేయడం) దగ్గర ఏ ఢోకా లేదు: పొంగింది, కూలింది, అయిపోయింది. తంటా అంతా అచ్చు పెట్టెలో పోశాక, పెట్టెతో సహా ఛాంబర్‌లో పెట్టి రెండోసారి గాలి లాగేటప్పుడే. సిలికాన్ పొంగుతుంది, కూలదు. పది నిమిషాలైనా, ఇరవై నిమిషాలైనా అడుగు నుంచి బుడబుడా వస్తూనే ఉంటుంది. ఈలోపు పాట్ లైఫ్ (సిలికాన్ గట్టిపడటం మొదలయ్యేలోపు దొరికే సమయం) 40 నిమిషాలూ కరిగిపోతాయి. గట్టిపడ్డాక అచ్చు కోసి చూస్తే నాబ్‌ని దిగేసిన అడుగుపలకకీ పెట్టె గోడకీ మధ్య మూల వెంబడి సూదిమొన రంధ్రాలు, వరసగా.

ముల్లు గేజ్ (బయటి గాలి కన్నా లోపల పీడనం ఎంత తగ్గిందో పాదరసం అంగుళాల్లో చూపేది) చూస్తే 27 అంగుళాలు. చాలామంది ఇక్కడే తృప్తిపడిపోతారు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, మన గాలి పీడనమే దాదాపు 950 మిల్లీబార్లు. అంటే ఇక్కడ ఎంత గొప్ప పంపు పెట్టినా ఆ ముల్లు 28 దాటదు. వీడియోల్లో కనిపించే 29.9 కోసం పంపుని తిట్టుకోవడం దండగ. అసలు చిక్కేమిటంటే 27కీ 28కీ మధ్య ముల్లు మీద వెంట్రుకవాసి తేడా, లోపల మాత్రం 34 మిల్లీబార్ల తేడా. అందుకే డయాఫ్రం రకం డిజిటల్ గేజ్ కొన్నాను, ఆబ్సల్యూట్ పీడనం (బయటి గాలితో పోల్చకుండా, లోపల మిగిలిన అసలు పీడనం) చూపేది. ఈ పనికి ముల్లు గేజ్ అలంకారమే.

డిజిటల్ గేజ్ చెప్పిన లెక్కలు ఇవి. పంపు నోరు మూసి నడిపితే 1 మిల్లీబార్ కన్నా తక్కువ. గొట్టం కలిపినా అంతే. ఖాళీ ఛాంబర్ (12 లీటర్లు, స్టీలు, 20 మిల్లీమీటర్ల యాక్రిలిక్ మూత) 2కి దిగింది. అచ్చు పెట్టె పెట్టగానే 36 దగ్గర ఆగింది. వాల్వ్ మూసి ఖాళీ ఛాంబర్‌ని వదిలేస్తే 10 నిమిషాల్లో 2 నుంచి 14కి, గీత గీసినట్టు తిన్నగా పెరిగింది. తిన్నగా పెరిగితే బయటి లీకు, పెరుగుతూ పెరుగుతూ మందగిస్తే లోపలి సరుకే ఆవిరి వదులుతున్నట్టు. సరే, లీకు ఉంది. కానీ 12 మిల్లీబార్లు ఇంటూ 12 లీటర్లు, బై 600 సెకన్లు అంటే పావు మిల్లీబార్-లీటరు కూడా లేదు సెకనుకి. నా పంపు 3.5 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), సెకనుకి 1.65 లీటర్లు లాగుతుంది. ఆ లీకు వల్ల వచ్చే నష్టం 0.15 మిల్లీబార్. 36 దగ్గర ఆపాలంటే లీకు దీనికి రెండొందల రెట్లకు పైగా ఉండాలి, అప్పుడు ఈలేసినట్టు వినబడుతుంది!

మధ్యలో గొట్టం మరల మీది టెఫ్లాన్ టేపంతా పీకి లాక్‌టైట్ 577 (మరల సందులు మూసే జిగురు) పూశాను. ఈ సమస్యకి ఒరిగిందేమీ లేదు గానీ, సన్న మరల మీద ఇక టేపు జోలికి పోను.

చివరికి దారి చూపింది మా వీధి ఏసీ మెకానిక్. పంపు అద్దంలో ఆయిల్ మజ్జిగలా తెల్లబడటం చూసి, "అన్నా, ఇది లీక్ కాదే, పంపులకు నీళ్లు పోయినయ్" అన్నాడు. గదిలోని 27 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం ఎంతా అని పట్టిక తీస్తే, 36 మిల్లీబార్లు! అంటే లోపల నీళ్లు ఉన్నంతసేపు అవి ఆవిరవుతూ పీడనాన్ని అక్కడే నిలబెడతాయి.

రుజువు కోసం ఖాళీ ఛాంబర్‌లో చెంచాడు నీళ్లు సాసర్‌లో పెట్టి నడిపాను. గేజ్ అచ్చం అదే చోట ఆగింది, నీళ్లు కుతకుతలాడాయి. ఇక అచ్చు పెట్టెలో నీళ్లెక్కడివి? నాబ్‌ని సగం వరకు దిగేసింది పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్, గట్టిపడితే జిప్సం) పలకలో. పైన లక్క పూత ఉంది కాబట్టి పొడిగానే కనిపిస్తుంది. వానాకాలం నీడలో ఎంత ఆరినా లోపల తడి అలాగే ఉంది. మూత తీసిన వెంటనే ఐఆర్ థర్మామీటర్ పెడితే పలక 20 డిగ్రీలు, గది 27. చివర్లో గేజ్ 36 నుంచి 24కి జారింది కూడా, దానికి కారణం అదే: వాక్యూమ్ కుదిరి కాదు, పలక చల్లబడి.

తూచాను. 412 గ్రాములు. 45 డిగ్రీల్లో బరువు నిలకడగా ఆగేదాకా ఆరబెడితే 335. అంతకన్నా వేడి పెడితే జిప్సంలో ఉండాల్సిన నీరు కూడా పోయి పలక పిండవుతుంది. 77 గ్రాముల నీళ్లు! ఆ పీడనంలో గ్రాము నీరు దాదాపు 40 లీటర్ల ఆవిరి అవుతుంది. నిమిషానికి 99 లీటర్లు లాగే పంపుకి అరగంట పైమాటే. సిలికాన్ ఎక్కడాగుతుంది అప్పటిదాకా?

ఆరిన పలకతో పెట్టె 3 మిల్లీబార్లకి దిగింది, సిలికాన్ బుద్ధిగా కూలింది. ఒక మూల మాత్రం ఇంకా రెండు మూడు చుక్కలున్నాయి. లక్క పూత అక్కడ పగిలిందని నా అనుమానం, లేదా పెట్టె ప్లైవుడ్ అంచు. అది తేలాలి.

పంపు ఆయిల్ మార్చే ముందు గ్యాస్ బ్యాలస్ట్ (పంపులోకి కాస్త గాలి వదిలి ఆవిరిని బయటికి తోసే వాల్వ్) తెరిచి అరగంట నడిపితే సగం తేటపడింది. మిగతాది పారబోసి కొత్తది పోశాను. వాక్యూమ్ ఆయిలే పోయండి, ఇంజన్ ఆయిల్‌తో సరిపెట్టే సలహాలు నమ్మకండి. పంపు వాల్యూ (Value) కంపెనీది, టూ స్టేజ్. ఈ ధరలో దీన్ని మించింది నాకు కనబడలేదు.

ఇకమీదట పీఓపీకి సెలవు. పలక బదులు గంధకం లేని నూనె బంకమట్టి (నీళ్లు కలపనిది) తెచ్చాను. నాది టిన్ ఉత్ప్రేరకంతో గట్టిపడే రకం ఆర్‌టీవీ కాబట్టి గంధకం ఉన్నా నడుస్తుంది, కానీ రేపు ప్లాటినం రకానికి మారితే గంధకం తగిలిన చోటల్లా గట్టిపడదు. ప్లైవుడ్ పెట్టె స్థానంలో యాక్రిలిక్ ముక్కలు. గొట్టం మధ్యలో తడి పీల్చే నీలం సిలికా జెల్ సీసా ఒకటి, తడి పట్టి గులాబీ రంగుకి తిరిగితే తెలిసిపోతుంది.

ఈ అచ్చుల్లో పోసే రెజిన్‌ది వేరే కథ. చిన్న నాబ్‌లకి వాక్యూమ్ కన్నా ప్రెషర్ పాట్ (గాలిని ఒత్తిడితో నింపే గట్టి పాత్ర) మేలని నా అభిప్రాయం, బుడగని లాగడం కన్నా 40 పీఎస్ఐలో నొక్కేయడం తేలిక. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో అందుకు పనికొచ్చే పెయింట్ ట్యాంక్ ఒకటి చూసి ఉంచాను. సేఫ్టీ వాల్వ్ ఎంతకి తెరుచుకుంటుందో ప్లేటు మీద లేదు, అది కనుక్కున్నాకే బేరం.