ట్రైలర్ కట్టేటప్పుడు ‘ఆపు’ అనే అధికారం పిల్లలకూ ఉంది

అమెరికాలో పిల్లలను పెంచుతున్న తెలుగు తల్లిదండ్రులం వాళ్లకు నేర్పాలనుకునేవాటిలో చాలా భాగం మనకో మన పెద్దలకో ముందే వచ్చినవి. తెలుగు చదవడం, రాయడం, పద్యం, పాట, లెక్కలు, వీటన్నిటిలో మనం నేర్పేవాళ్లం, పిల్లలు నేర్చుకునేవాళ్లు. బడిలోనూ స్నేహితుల మధ్యా వాళ్లు నేర్చుకునేవాటిలో మనకు చోటు తక్కువ. పెద్దలూ పిల్లలూ ఒకే మెట్టు మీద నిలబడి, ఎవరికీ ముందు తెలియని పనిని కలిసి నేర్చుకునే సందర్భం మా ఇంట్లో చాలాకాలం రాలేదు. పికప్ ట్రక్కుకు ట్రావెల్ ట్రైలర్, అంటే లోపల మంచాలూ వంటచోటూ ఉండే చక్రాల ఇల్లు, తగిలించుకుని తిరగడం మొదలుపెట్టాక అది వచ్చింది. మా ఇంట్లో ట్రైలర్ లాగేటప్పుడు స్టీరింగ్ ఎక్కువగా నా చేతిలో ఉంటుంది. మా వారికీ, పద్నాలుగేళ్ల అమ్మాయికీ, పదేళ్ల అబ్బాయికీ ఎవరి పనులు వాళ్లకున్నాయి. ట్రైలర్ కొనాలని ఆలోచిస్తున్న తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే కనిపిస్తున్నాయి కాబట్టి, బండి లాగడం గురించీ, ఆ పనిలో పిల్లలకు ఇవ్వవలసిన స్థానం గురించీ నాకు తెలిసినంత రాయాలనిపించింది.

అన్నిటికంటే ముందు చూడవలసింది బరువు. “ఈ ట్రక్కు పది వేల పౌండ్లు లాగుతుంది” అన్న మాట అమ్మేచోట వినిపిస్తుంది, మన ఇళ్లలో కలిసినప్పుడు మగవాళ్ల మాటల్లోనూ అదే వినిపిస్తుంది. కానీ కుటుంబంతో ప్రయాణించేవాళ్లకు ముందుగా అడ్డుపడే హద్దు సాధారణంగా అది కాదు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద పసుపు పట్టీ ఉన్న ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని దాని మీద పౌండ్లలోనూ కిలోల్లోనూ రాసి ఉంటుంది. దాన్నే పేలోడ్ అంటారు. ట్రైలర్ ముందు భాగం హిచ్ మీద, అంటే దాన్ని తగిలించడానికి ట్రక్కు వెనక ఉండే అమరిక మీద, మోపే బరువు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. అమెరికాలో తయారీదారులు లాగే శక్తిని లెక్కగట్టే జే2807 అనే ప్రమాణంలో ట్రక్కులో డ్రైవరూ ఇంకొకరూ మాత్రమే, ఒక్కొక్కరు 150 పౌండ్ల చొప్పున, కూర్చున్నట్టు ఊహించుకుంటారు. మన కుటుంబాలు అలా ప్రయాణించవు. అమ్మమ్మా తాతయ్యా వచ్చి ఆరు నెలలు ఉంటారు, వాళ్లను ఇంట్లో వదిలి మనం విహారానికి వెళ్లం.

ఒక ఉదాహరణ చూడండి. పేలోడ్ 1,550 పౌండ్లు అనుకుందాం. సామాను నింపిన ట్రైలర్ 6,000 పౌండ్లు ఉంటే, హిచ్ మీద దాదాపు 750 పౌండ్లు పడతాయి. బరువును సర్దే హిచ్ సామగ్రి ఒక 100 పౌండ్లు. మిగిలింది 700. ఇద్దరు పెద్దలూ ఇద్దరు పిల్లలూ అందులో సులువుగా ఇముడుతారు. అదే ఆరుగురు ఎక్కితే, వెనక పెట్టెలో ఒక్క వస్తువు పెట్టకముందే హద్దు దాటుతుంది. ట్రైలర్ తొట్టిలో నీళ్లు నింపి బయల్దేరితే ఆ బరువు వేరు. గ్యాలన్ నీళ్లు 8.34 పౌండ్లు, అంటే నలభై గ్యాలన్లకు 330 పౌండ్ల పైమాటే. ఈ కూడికలూ తీసివేతలూ చేసేది మా అబ్బాయి. బడిలో ఇచ్చే లెక్కల మీద వాడికి లేని శ్రద్ధ దీని మీద ఉంది, ఎందుకంటే దీని జవాబును బట్టి ఏ వస్తువు ఇంట్లో ఉండిపోవాలో తేలుతుంది.

ఇక్కడ ఒక మాట తల్లిగా చెప్పాలి. లెక్క కోసమని ఇంట్లో ఒక్కొక్కరి బరువూ పైకి అడిగి రాసుకోవడం మంచిది కాదు. పద్నాలుగేళ్ల ఆడపిల్ల బరువును నలుగురిలో అంకెగా పలకడం మన ఇళ్లలో మామూలుగా జరిగిపోతుంది, అది ఆ పిల్లను ఎంత నొప్పిస్తుందో మనం పట్టించుకోం. లారీలు ఆగే పెద్ద ట్రక్ స్టాపులలో తూకపు వేదికలు ఉంటాయి. అందరం ఎక్కి, సామాను నింపి, ట్రైలర్ తగిలించి వాటి మీద నిలిస్తే ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ ఇరుసులు వేర్వేరుగా తూగి చీటీ వస్తుంది. ఆ అంకెలు బండివి, ఏ ఒక్కరివీ కావు. ఆ చీటీ చూశాకే మా ఇంట్లో ఒక నియమం ఏర్పడింది. పెద్దవాళ్లు వచ్చి ఉన్నప్పుడు మా వారు రెండో కారులో వాళ్లను ఎక్కించుకుని వెనక వస్తారు, పిల్లల్లో ఒకరు ఆ కారులో కూర్చుంటారు. ఎవరు ఎక్కడ అన్నది దారిలో ఆగిన ప్రతిచోటా మారుతుంది. ఆ కారులో కూర్చున్న పిల్లకో పిల్లవాడికో గంటల తరబడి తెలుగు తప్ప వేరే మాట ఉండదు, ఎందుకంటే అమ్మమ్మకు అది తప్ప మరొకటి రాదు. మేము ఇంట్లో ఎంత పట్టుబట్టినా కుదరనిది ట్రక్కు పేలోడ్ పుణ్యమా అని కుదిరింది. ట్రైలర్‌లోనే కూర్చుని రావచ్చు కదా అని అడిగేవాళ్లుంటారు. చాలా రాష్ట్రాల్లో అది నిషిద్ధం, నిషేధం లేనిచోట కూడా ఆ పని చేయకూడదు.

మొత్తం బరువు ఎంత ముఖ్యమో అది ఎక్కడ పడుతున్నదన్నదీ అంతే ముఖ్యం. ట్రైలర్ మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హిచ్ మీద ఉండాలి. అంతకు తగ్గితే, పక్కనుంచి పెద్ద లారీ దాటినప్పుడు వచ్చే గాలికే ట్రైలర్ అటూఇటూ ఊగడం మొదలవుతుంది. మరీ ఎక్కువైతే ట్రక్కు వెనక భాగం కుంగి, ముందు చక్రాల పట్టు సడలుతుంది. మా అమ్మాయి ఈ విషయం మా నాన్నగారికి చెప్పబోతే, ఆయన మధ్యలోనే అందుకున్నారు. “చూడమ్మా, ఎడ్లబండికి ముందు మోపు ఎక్కువైతే ఎద్దుల మెడలు పుండ్లు పడతాయి. వెనక మోపు ఎక్కువైతే కాడి పైకి లేచి మెడతాళ్లు బిగుసుకుంటాయి. బస్తాలు ఇరుసు మీదికి వచ్చేటట్టు వేసి, కొంచెం ముందుకు మొగ్గు ఉంచాలి.” తూకం లేకుండా ఎలా తెలుస్తుంది తాతయ్యా అని అది అడిగితే, ఎద్దులను కట్టకముందే నొగ చేత్తో ఎత్తి చూసేవాళ్లమన్నారు. తరవాత వాళ్లిద్దరూ ట్రైలర్‌లోకి వెళ్లి బరువైన వంటసామాను మంచం కింది అరలోంచి తీసి ఇరుసుకు దగ్గరగా ఉన్న అరలోకి మార్చారు. అరవయ్యేళ్ల కింద ఆయన చేసిన పని తన పనికి ఇలా సూటిగా అక్కరకు వస్తుందని ఆ పిల్ల అనుకుని ఉండదు. తాతయ్య కథలంటే ఇష్టంగా విన్నా, అవి ముగిసిపోయిన కాలానివని అంతకుముందు దానికి ఒక అభిప్రాయం ఉండేది.

బండి తగిలించే వరస ప్రతిసారీ ఒకటే. ట్రైలర్ ముందు కొనన ఉండే కప్లర్ హిచ్ బంతి మీద పూర్తిగా కూర్చుందా, గొళ్లెం పడిందా, దానికి పిన్ను పెట్టామా అన్నది మొదటిది. గొలుసులు రెండూ కప్లర్ కింద ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా రావాలి, అప్పుడే కప్లర్ ఊడినా నేలకు తగలకుండా వాటి మీద పడుతుంది. ట్రైలర్ ఏ కారణం చేతనైనా విడిపోతే బ్రేకు స్విచ్ పిన్ను లాగి ట్రైలర్ బ్రేకులు పడేలా చేసే సన్నని తీగను ట్రక్కుకు విడిగా తగిలించాలి, గొలుసుకు చుట్టకూడదు. తరవాత కరెంటు ప్లగ్గు, దీపాలు, బ్రేకులు, కిటికీలు, మెట్టు. మా అబ్బాయికి టైర్ల పని ఇచ్చాం. గాలి ఎంత ఉందో కొలవడంతోపాటు, టైరు పక్కన ‘DOT’ అనే అక్షరాలతో మొదలయ్యే డాట్ సంఖ్యలో చివరి నాలుగు అంకెలు చదవడం వాడికి ఇష్టం. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో ఇరవైమూడో వారంలో తయారైనట్టు. ట్రైలర్ టైర్లు అరగకముందే పాతబడిపోతాయి, ఐదారేళ్లు దాటాక అరుగుదల లేదని నమ్మకూడదు. మోకాళ్ల మీద కూర్చుని, టార్చ్‌లైటు వేసి, నాలుగు టైర్ల అంకెలూ చదివి వాడు పైకి చెబితే, మా అమ్మాయి కాగితం మీద గుర్తు పెడుతుంది. ఆ కాగితం మీద వాళ్లిద్దరి సంతకాలు లేకుండా నేను బండి కదపను.

ఈ వరసలో గానీ, బండిని వెనక్కి పెట్టేటప్పుడు గానీ, ఎవరు ‘ఆపు’ అన్నా బండి ఆగాలి. ఎందుకని అడగడం ఆగాకే. వెనక్కి పెట్టేటప్పుడు దారి చూపే మనిషి నాకు అద్దంలో కనిపించే చోట నిలబడాలి, ఆ మనిషి కనిపించకపోయినా నేను ఆపేస్తాను. ఇది మా అమ్మకు మొదట్లో నచ్చలేదు. పిల్లలు పెద్దవాళ్లకు ఆజ్ఞలు వేయడమేమిటని ఆమె బాధ. ఆమె పెరిగిన ఇంట్లో తండ్రి చేస్తున్న పనిని మధ్యలో ఆపమని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, నేను పెరిగిన ఇంట్లోనూ దాదాపు అంతే. ఇక్కడ బడిలో మా పిల్లలకు ప్రశ్నించడం నేర్పుతారు, కానీ ఇంటికొచ్చి ప్రశ్నిస్తే మనకు అది ఎదిరింపులా వినిపిస్తుంది, వాళ్లు కూడా క్రమంగా ఇంట్లో నోరు మూసుకుని బయట మాట్లాడే మనుషులుగా తయారవుతారు. నాకు అన్నిటికంటే భయం అదే. ఆరు వేల పౌండ్ల బండి వెనక్కి వస్తున్నప్పుడు, వెనక కొమ్మ ఉందనో పసిపిల్ల సైకిలు మీద వస్తోందనో చూసిన పిల్లవాడు అమ్మ ఏమనుకుంటుందోనని ఒక్క క్షణం కూడా తటపటాయించకూడదు. మా వాడు తాతయ్యను కూడా “ఆగండి, ఆగండి” అని చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఆయన ఆగారు, వెనక చూసుకున్నారు, వాడి భుజం తట్టారు. గౌరవం తగ్గిందని నాకైతే అనిపించలేదు.

దారి మీద చెప్పవలసింది కొంచెమే. కొన్ని ట్రైలర్ టైర్లు గంటకు 65 మైళ్లకు మించిన వేగానికి తయారైనవి కావు, కాలిఫోర్నియాలో అయితే ట్రైలర్ లాగే ఏ బండికైనా చట్టప్రకారమే 55 మైళ్లు హద్దు. ట్రైలర్ ఊగడం మొదలైతే స్టీరింగ్‌తో దాన్ని సరిదిద్దబోకూడదు, ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, చేతి దగ్గరుండే కంట్రోలర్ మీటతో ట్రైలర్ బ్రేకులను మాత్రమే వేయాలి. దిగుడులో బ్రేకులు కాలిపోకుండా ముందే తక్కువ గేరులోకి రావాలి. కొలరాడోలో 11,158 అడుగుల ఎత్తున ఉన్న ఐసెన్‌హవర్ సొరంగం దాటి డెన్వర్ వైపు దిగేటప్పుడు దీని విలువ బాగా తెలుస్తుంది. అందరూ మమ్మల్ని దాటి వెళ్లిపోతుంటే మొదట్లో పిల్లలకు చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు నా వేగం 62 దాటితే వెనక సీటు నుంచి వాళ్లే హెచ్చరిస్తారు.

క్యాంప్‌గ్రౌండ్‌లో మా పిల్లలకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. పక్క ట్రైలర్‌లోని పెద్దవాళ్లు మంచి మనసుతోనే, ఎక్కణ్నుంచి వచ్చారని అడుగుతారు. పిల్లలు మా ఊరి పేరు చెబుతారు. అసలు ఎక్కణ్నుంచి అని మళ్లీ అడిగినప్పుడు మా అమ్మాయి ముఖం ఒకప్పుడు ముడుచుకునేది. బండిని వెనక్కి పెట్టి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ట్రైలర్‌ను మట్టసం చేసి, కరెంటు తగిలించడం వాళ్ల కళ్లముందే ఆ పిల్ల చేస్తున్నప్పుడు, మాటలు వేరే దారిన సాగుతాయి. హిచ్ ఏ రకం, ఎంత బరువు, దిగుడులో ఎలా ఉంది అని అడుగుతారు. అది నిలబడి జవాబు చెబుతుంది. మూలాల గురించి అడిగితే అదీ చెబుతుంది, కానీ ఇప్పుడు సంజాయిషీ ఇస్తున్నట్టు ఉండదు.

చివరగా, మన వాళ్లలో చాలామంది మాట్లాడటానికే ఇష్టపడని పని ఒకటుంది. మరుగుదొడ్డి తొట్టి ఖాళీ చేయడం. చేతికి తొడుగులు వేసుకుని, గొట్టం బిగించి, ముందు మరుగుదొడ్డి తొట్టి మీట లాగాలి, తరవాత స్నానపు నీళ్ల తొట్టి వదిలితే గొట్టం కడుక్కుపోతుంది. పావుగంట పని. ఈ పని చేసే మనుషులను తరతరాలుగా ఊరి అంచున ఉంచి, తాకకుండా బతికిన సమాజం నుంచి మనం వచ్చాం. చరిత్ర పాఠంలా ఆ మాట పిల్లలకు ఎంత చెప్పినా, ఇంట్లో మురికి పని ఎప్పుడూ ఇంకెవరిదో అయితే వాళ్లు నేర్చుకునేది రెండోదాన్నే. అబ్బాయి చేత చేయించవద్దని మా అమ్మ గట్టిగానే అడ్డుపడింది. నేను ఒప్పుకోలేదు. మా ఇంట్లో నలుగురమూ వంతులవారీగా చేస్తాం, పెద్ద ఉద్యోగం చేసే తండ్రికీ మినహాయింపు లేదు. సమాన పౌరులుగా బతకమని ఈ దేశంలో పిల్లలకు చెబుతున్న మనం అక్కణ్నుంచి తెచ్చుకున్న ఆ ఒక్క అలవాటును ఇక్కడే వదిలేయాలని నేను నిజంగా నమ్ముతున్నాను.

వచ్చే వేసవికి మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కుకు వెళ్లాలని పిల్లలు అంటున్నారు. అక్కడి గోయింగ్-టు-ద-సన్ కొండదారి మీద ప్రధాన భాగంలో 21 అడుగుల కంటే పొడవైన బండినీ, అద్దాలతో కలిపి 8 అడుగుల కంటే వెడల్పైన బండినీ రానివ్వరు. ట్రైలర్‌కు ఎలాగూ ప్రవేశం లేదు. మా అమ్మాయి టేపు పట్టుకుని ట్రక్కును కొలిచింది. పొడవుకు ఇబ్బంది లేదు, కానీ ట్రైలర్ కోసం పెట్టించిన పెద్ద అద్దాలు బయటికి లాగి ఉంటే వెడల్పు హద్దు దాటుతోంది, మడిస్తే సరిపోతోంది. ట్రైలర్‌ను కింద క్యాంప్‌గ్రౌండ్‌లో ఉంచి, అద్దాలు మడిచి, హిచ్ తీసేసి ట్రక్కుతోనే కొండ ఎక్కాలని అది రాసి పెట్టింది. హిచ్ మీద బరువు ఉండదు కనుక ఆ ఒక్క రోజు ఆరుగురమూ ఒకే బండిలో వెళ్లవచ్చని కింద ఇంకో వాక్యం చేర్చింది. ఆ లెక్క తమ్ముడు ఇంకా సరిచూడాలి.